కోడీక లేని గాలపు ఈగ
(సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా పేరు పక్కన "చేపల ఈగలు" అని అచ్చువేశారు. అది చూసి పొద్దున్న కాఫీ దగ్గర ఒకాయన "మీరు పారిశుద్ధ్య శాఖలో చేస్తారా అండీ?" అని మర్యాదగానే అడిగారు. లేదండీ. నేను రోడ్లు, వంతెనలు చూసే ఇంజనీరుని. ఉండేది న్యూజీలాండ్ ఉత్తర దీవిలో, హామిల్టన్ అనే ఊళ్ళో. అక్కడికి కొద్ది గంటల దూరంలో టౌపో అనే పెద్ద సరస్సు, దాంట్లోకి వచ్చి కలిసే టొంగరీరో అనే ఏరు ఉన్నాయి. ఆ ఏట్లో ట్రౌట్ చేపల్ని పట్టడానికి జనం ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. నేను పట్టేది తక్కువే. చలికాలం రాత్రుళ్ళు గరాజ్‌లో కూర్చుని ఈగలు కట్టడం మాత్రం ఎక్కువ. ఈరోజు మాట్లాడబోయేది ఆ చేతిపని గురించి.

మన వైపు గాలం వెయ్యడం తెలియనిదెవరికి? వెదురు కర్ర, నైలాను దారం, ఒక బెండు, కొక్కెం, దానికి గుచ్చిన ఎర్ర. కాలవగట్టున కూర్చుంటే బెండు మునుగుతుంది, లాగుతాం, జెల్లో బొమ్మిడాయో పైకొస్తుంది. టొంగరీరోలో ఈ పద్ధతి చెల్లదు. అక్కడ ఎర్ర గుచ్చడం చట్టవిరుద్ధం, కృత్రిమ ఈగతోనే పట్టాలి. ఈగ అంటే కొక్కెం మీద దారంతో, ఈకతో, బొచ్చుతో కట్టిన బొమ్మ పురుగు. దానికి బరువుండదు కనక విసిరేది నిజానికి ఈగని కాదు, దారాన్ని. లావుపాటి దారం గాలిలో మెలి తిరుగుతూ పోయి ఆ బొమ్మ పురుగుని నీటి మీద దింపుతుంది. చేప చూసి నమ్మితే మింగుతుంది. నమ్మకపోతే పక్కకి తప్పుకుంటుంది. చాలాసార్లు నమ్మదు.

ఈ బొమ్మ పురుగుకి కాళ్ళు కావాలి. ఆ కాళ్ళ కోసం కొన్ని వందల ఏళ్ళుగా వాడుతున్నది కోడిపుంజు మెడ మీది సన్నటి పొడవాటి ఈక. ఇంగ్లీషులో హ్యాకిల్ అంటారు. దాన్ని కొక్కెం చుట్టూ మూడు నాలుగు చుట్లు తిప్పితే పోగులు నలువైపులా నిక్కబొడుచుకుంటాయి. పుంజు ఈక బిరుసు కనక ఆ పోగుల మీద ఈగ నీటిపైన తేలుతుంది. పెట్ట ఈక మెత్తన కనక మునిగి, లోపల కదులుతుంది. భీమవరం వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడ ఒక చుట్టరికం కనిపించాలి. పందెం రాయుళ్ళు ఈకల రంగును బట్టి ఎర్రదాన్ని డేగ అని, నల్లదాన్ని కాకి అని, తెల్లదాన్ని సేతు అని పిలుస్తారు కదా. ఈగలు కట్టే ఇంగ్లీషువాళ్ళకీ అలాంటి భాషే ఉంది: జింజర్, బ్యాడ్జర్, గ్రిజ్లీ, డన్. ఈక చూసి పుంజు జాతకం చెప్పేవాళ్ళు రెండు దేశాల్లోనూ ఉన్నారన్నమాట.

అయితే ఈక మీద మోజు మనిషిని ఎంతదూరమైనా తీసుకుపోతుంది. 2009లో ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియంలో ఒక రాత్రి దొంగతనం జరిగింది. పోయినవి వజ్రాలు కావు, 299 పక్షుల చర్మాలు. వాటిలో కొన్నిటిని 150 ఏళ్ళ క్రితం ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ అడవుల్లో తిరిగి సేకరించాడు. దొంగ ఎవరయ్యా అంటే, లండన్‌లో వేణువు నేర్చుకుంటున్న ఒక అమెరికన్ కుర్రాడు. విక్టోరియా కాలంనాటి సాల్మన్ ఈగలు కట్టేవాళ్ళకి ఆ ఈకలు అమ్మడానికి తీసుకుపోయాడు. 2011లో ఇంకో చిత్రం. అమెరికాలో జుట్టులో పొడవాటి కోడీకలు కట్టుకోవడం ఫ్యాషన్ అయింది. స్టీవెన్ టైలర్ అనే గాయకుడు టీవీలో అవి పెట్టుకుని కనిపించడం దానికి తోడైంది. కొలరాడోలో ఈకల కోసమే ప్రత్యేకంగా కోళ్ళు పెంచే వైటింగ్ ఫార్మ్స్ లాంటివాళ్ళు కూడా ఆ గిరాకీకి అందించలేకపోయారు. ఈగలు కట్టేవాళ్ళకి మంచి ఈక దొరకలేదు, దొరికినదాని ధర కొన్ని రెట్లయింది. చేప కోసం పుట్టిన ఈక బ్యూటీ పార్లర్‌కి పోయింది.

మన పక్షి కథ కూడా ఇందులో ఉంది. దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి మెడ ఈకల మీద మైనం చుక్కల్లాంటి మచ్చలుంటాయి, లక్కపూత పెట్టినట్టు మెరుస్తాయి. బొమ్మ చేపకి కన్నుగా పెట్టడానికి అంతకన్నా అందమైనది లేదని ఇంగ్లీషువాళ్ళు దాన్ని తెగ వాడారు. ఇప్పుడు ఆ పక్షికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎవరైనా మీకు ఇండియా నుంచి ఆ ఈక తెచ్చిపెడతానంటే వద్దనండి.

ఇక న్యూజీలాండ్ సంగతికి వస్తాను. అక్కడి మావోరీ భాషలో మటుకు అనే పక్షి ఉంది. చిత్తడి నేలల్లో, జమ్ములో దాక్కుని ఉంటుంది. గోధుమరంగు మీద నల్లని చారలు. మెడ నిటారుగా చాచి నిలబడితే జమ్ము పుల్ల ఏదో పక్షి ఏదో తెలియదు. మగపక్షి కూత లోతుగా, ఖాళీ కాగు మూతి మీద ఊదినట్టు వినిపిస్తుంది. తొలినాటి వలసవాళ్ళు దాని ఈకల్ని కొక్కెం వీపు మీద నిలువునా పడుకోబెట్టి, తీగతో చుట్టి బిగించారు. చిన్న చేపలా కనిపించే ఆ ఈగకి పక్షి పేరే కాస్త మారి "మటుకా" అయింది. ఆ పద్ధతి ఇవాళ అమెరికాలో కూడా అదే పేరుతో ఉంది, వాడేవాళ్ళలో ఎక్కువమందికి అది పక్షి పేరని తెలియదు. ఆ పక్షి మాత్రం ఇప్పుడు అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాబితాలో ఉంది. నేరమంతా ఈగలు కట్టేవాళ్ళదే అంటే అన్యాయం అవుతుంది. దేశంలో చిత్తడి నేలల్లో తొంభై శాతం దాకా ఎండగట్టి పచ్చికబయళ్ళు చేసేశారు, అసలు దెబ్బ అది. కానీ ఇల్లు పోయినవాడి ఒంటి మీద చొక్కా కూడా లాక్కున్నట్టే కదా. చట్టం వచ్చాక ఆ ఈక ఆగిపోయింది, కోడీక, నెమలికోడీక దాని చోటికి వచ్చాయి, తర్వాత కుందేలు తోలు పేలిక వచ్చింది. చేపకి తేడా తెలియలేదు. తోలు పేలిక మీది బొచ్చు నీళ్ళలో ఊపిరి తీస్తున్నట్టు కదులుతుంది కనక ఇంకా ఎక్కువగానే నమ్మింది.

కుందేలు ఎక్కడిది అంటారా? అదే అసలు సంగతి. గబ్బిలాలు తప్ప ఆ నేల మీద తిరిగే పాలిచ్చే జంతువు ఒక్కటీ ఆ దేశానికి సొంతం కాదు. అన్నీ మనలాగే వలస వచ్చినవే. ట్రౌట్ కూడా వలసే. బ్రౌన్ ట్రౌట్ గుడ్లని 1864లో నాచులో, మంచుగడ్డల్లో పెట్టి ఇంగ్లండు నుంచి ఓడలో టాస్మానియా తెచ్చారు, 1867లో అక్కడి నుంచి న్యూజీలాండ్. రెయిన్‌బో ట్రౌట్ 1883లో కాలిఫోర్నియా నుంచి. టౌపో సరస్సులో మావోరీలు తరతరాలుగా తిన్న కోఆరో అనే చిన్న చేపని ఈ కొత్త చేప దాదాపు మింగేసింది. కుందేళ్ళు 1830ల నుంచి, చెవులపిల్లి 1851లో. కుందేళ్ళు ఎంత పెరిగాయంటే 1876 నాటికే వాటి మీద చట్టం చెయ్యాల్సి వచ్చింది. వాటిని తింటాయని 1880లలో ముంగిస లాంటి స్టోట్‌లని తెచ్చి వదిలారు. అవి కుందేళ్ళకన్నా తేలిగ్గా దొరికే ఎగరలేని పక్షుల్ని తిన్నాయి. ఆస్ట్రేలియా పోసమ్‌ని బొచ్చు వ్యాపారం కోసం 1837లో తెచ్చారు, నిలదొక్కుకోలేదు. 1858లో మళ్ళీ తెచ్చారు, నిలదొక్కుకుంది. ఇప్పుడు కోట్లలో ఉండి రాత్రంతా అడవి చిగుళ్ళు, పక్షి గుడ్లు తింటున్నాయి. 2050 నాటికి ఎలుకల్ని, స్టోట్‌లని, పోసమ్‌లని దేశంలో లేకుండా చెయ్యాలని 2016లో ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. హిమాలయాల తార్ మేక కూడా 1904 నుంచి అక్కడి కొండల మీద ఉంది. మనకన్నా ముందే రెసిడెన్సీ తీసుకుంది.

అంటే ఆ దేశంలో ఈక కరువు, బొచ్చు బోలెడు. పక్షి రక్షించుకోవలసినది, బొచ్చు జంతువు తగ్గించుకోవలసినది. అందుకే నేను దుకాణంలో కోడి చర్మం కొనడం మానేసి చాలాకాలమైంది. అక్కడివాళ్ళు ఎంతో ఇష్టంగా వాడే "హేర్ అండ్ కాపర్" అనే ఈగలో ఉన్నది రెండే వస్తువులు: చెవులపిల్లి బొచ్చు, రాగి తీగ. చూడటానికి చీపురులోంచి రాలిన నలుసులా ఉంటుంది. అందంలో సున్నా. దక్షిణ దీవిలో చివరినుంచి చివరి దాకా దాన్ని నమ్ముకున్నవాళ్ళున్నారు.

కట్టే పద్ధతి చెబుతాను. దీన్ని నాకన్నా బాగా చేసే మనిషి గురించి కూడా చెప్పాలి. మా ఊళ్ళో స్నేహితుడింటికి వాళ్ళమ్మగారు ఆరునెలల వీసా మీద వచ్చారు. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. మీకు తెలియని పరిస్థితి కాదు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి, మనవడు బడికి, ఆవిడ కిటికీకి. బయట వాన. ఒక శనివారం మనవణ్ణి తీసుకుని మా గరాజ్‌కి వచ్చారు, పిల్లవాడికి ఈగలు కట్టడం నేర్పుతున్నాను కనక. మూల కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. బొచ్చుని దారానికి మెలిపెట్టడం దగ్గర పిల్లవాడికి కుదరడం లేదు, ముద్దలు ముద్దలు వస్తోంది. ఆవిడ లేచి వచ్చి "ఇటియ్యి నాన్నా" అని అందుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపారు. దారం మీద బొచ్చు సన్నటి వత్తిలా కూర్చుంది. అరవై ఏళ్ళు కార్తీకమాసం వత్తులు చేసిన వేళ్ళవి. నేను మూడేళ్ళు తంటాలు పడి నేర్చుకున్నది ఆవిడకి మూడు క్షణాలు పట్టలేదు.

ఆ పని అచ్చంగా వత్తి చెయ్యడమే. కొక్కేన్ని చిన్న వైస్‌లో బిగించి, కన్ను దగ్గర నుంచి వంపు దాకా దారం చుట్టాలి. తోకకి నాలుగు బిరుసు వెంట్రుకలు కట్టాలి. కుందేలు తోలు మీద రెండు రకాల బొచ్చు ఉంటుంది. అడుగున దూదిలాంటి మెత్తటిది, దానిలోంచి పైకి పొడుచుకొచ్చే బిరుసు వెంట్రుక. అడుగుది ఒళ్ళు అవుతుంది, పైది కాళ్ళు అవుతుంది. రాగి తీగ ఒకటి తోక దగ్గర కట్టి వదిలేసి, మెత్తటి బొచ్చు చిటికెడు తీసుకుని దారం మీద పరచి ఒకే దిక్కుగా మెలిపెట్టాలి. ముందుకీ వెనక్కీ నలిపితే చేసింది విడిపోతుంది. ఎంత బొచ్చు కావాలని మీకు అనిపిస్తుందో అందులో సగం తియ్యండి, ఆ సగంలో మళ్ళీ సగం పారెయ్యండి. మిగిలింది సరిపోతుంది. ఆ వత్తిని కన్ను వైపు చుట్టుకుంటూ పోయి, రాగి తీగని దానికి ఎదురు దిక్కుగా చుడితే బొచ్చు ఊడదు, పురుగు ఒంటి మీద గీతలూ వస్తాయి.

ఇప్పుడు కాళ్ళు. కోడీక చేసే పని బొచ్చుతో చేయించడం ఇక్కడే. దారాన్ని జానెడు పొడవున మడిచి ఉచ్చులా వదిలి, రెండు పోగులకీ కొద్దిగా మైనం రాయాలి. కుందేలు తోలు పేలిక మీది బొచ్చుని కాగితాల క్లిప్పుతో అడ్డంగా పట్టుకుని, తోలుని కత్తెరతో కోసెయ్యాలి. బొచ్చు వరసగా క్లిప్పులోనే నిలబడుతుంది. దాన్ని ఉచ్చు మధ్యలో పెట్టి పోగులు రెండూ దగ్గరికి లాగి, క్లిప్పు తీసి, కింద ఒక బరువు వేలాడదీసి బొంగరంలా తిప్పాలి. దారం మెలిపడుతూంటే బొచ్చు నలువైపులా విచ్చుకుని సీసాలు కడిగే బ్రష్‌లా తయారవుతుంది. ఈ క్షణంలో చిన్నపిల్లలందరూ నవ్వుతారు, పెద్దవాళ్ళు నవ్వనట్టు నటిస్తారు. ఆ బ్రష్‌ని తడివేళ్ళతో వెనక్కి దువ్వుతూ కన్ను వెనక రెండు చుట్లు, మరీ అయితే మూడు. ముడి వేసి, ముడి మీద ఇంట్లో ఆడవాళ్ళ గోళ్ళరంగు, రంగులేనిది, ఒక చుక్క.

ఈ కాళ్ళు పుంజు ఈకలా ఈగని తేల్చవని ముందే చెబుతున్నాను. కుందేలు బొచ్చు నీళ్ళు తాగుతుంది, మునిగే ఈగలకే పనికొస్తుంది. తేలేదానికి జింక వెంట్రుక మంచిది, అందులో గాలి ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకొకటి దొరుకుతుంది, మంచుకుందేలు వెనక పాదాల బొచ్చు. ఆడిరాండాక్ కొండల్లో ఫ్రాన్ బెటర్స్ అనే ఆయన దానితో "యూజువల్" అనే ఈగ కట్టాడు, అందులో ఈక అనేది లేనేలేదు, అయినా తేలుతుంది.

మళ్ళీ పిన్నిగారి దగ్గరికి. ఆవిడ నిష్ఠగా శాకాహారి. రెండో శనివారం వచ్చి నా పెట్టెలో పాత కోడి చర్మం ఒకటి చూసి, "ఈ ఈక కోసమే కోడిని చంపుతారా బాబూ?" అని అడిగారు. ఈకల కోసం పెంచే పుంజుల్ని చంపే తోలు తీస్తారు, దాచేదేముంది, అవునన్నాను. "మరి ఇది?" అన్నారు పోసమ్ బొచ్చు చూపించి. అడవిని కాపాడ్డానికి బోనుల్లో పట్టి చంపుతున్నదే, బొచ్చు మిగులుతుంది అన్నాను. కాసేపు ఆలోచించి "ఎలాగూ పోయిన ప్రాణం" అన్నారు. తర్వాత "అసలు ఏదీ చావకుండా రాదా?" అన్నారు. ఆ ప్రశ్న నన్ను ఇంతకుముందు ఎవరూ అడగలేదు.

వస్తుంది. ఇంగ్లండులో ఫ్రాంక్ సాయర్ అనే నదీ సంరక్షకుడు రాగి తీగ మీద రఫ్ చేసుకునే ఉన్ని దారం చుట్టి "కిల్లర్ బగ్" అనే ఈగ చేశాడు. ఈక లేదు, తోలు లేదు, గొర్రె హాయిగా గడ్డి మేస్తూనే ఉంటుంది. న్యూజీలాండ్‌లో ముళ్ళకంచెలకి గొర్రె ఉన్ని వేలాడుతూ ఉంటుంది, ఏరుకోవడమే. కుక్కని దువ్వినప్పుడు దువ్వెనలో మిగిలే బొచ్చు కూడా మెలిపెట్టడానికి బాగుంటుంది. ఆ మాట చెప్పాక మూడో శనివారం పిన్నిగారు పక్కింటివాళ్ళ కుక్క బొచ్చు ప్లాస్టిక్ సంచీలో పట్టుకొచ్చారు. పక్కింటావిడతో ఆవిడ మాట్లాడిన మొదటి సంభాషణ అదేనట. ఒకరి భాష ఒకరికి రాదు, కుక్క ఒక్కటే మధ్యవర్తి. ఆ తర్వాత ఇద్దరూ రోజూ కలిసి నడవడం మొదలుపెట్టారని నాకు కొడుకు చెప్పాడు.

కానీ ఆవిడ అంతటితో వదల్లేదు. "బొచ్చు సరే, మరి చేప?" అన్నారు. చేపకి నొప్పి తెలియదని వాదించేవాళ్ళున్నారు, నేను ఆ వాదన చెయ్యను. నేను చేసేదేమిటో అదే చెప్పాను. కొక్కెం మీది ముల్లుని పట్టకారుతో నొక్కేస్తాను, తేలిగ్గా ఊడివస్తుంది. ఇంటికి కావలసిన చేప ఒకటి దొరకగానే గాలం చుట్టేస్తాను. పట్టి, ఫొటో తీసుకుని, వదిలి, మళ్ళీ పట్టడం చాలామందికి గొప్ప దయగా కనిపిస్తుంది. తిండితో ఆటలాడటం తప్పని మావోరీ పెద్దలు చాలామంది అంటారు, నాకు వాళ్ళ మాటే సబబుగా ఉంది. అన్నట్టు ఆ దేశంలో ట్రౌట్‌ని అమ్మడం, కొనడం నేరం. ఏ హోటల్ మెనూలోనూ ఉండదు. తినాలంటే లైసెన్సు తీసుకుని పట్టుకోవాలి, లేదా పట్టినవాడు స్నేహితుడై ఉండాలి. ఇదంతా విని పిన్నిగారు "ఈగ నేను చేస్తాను నాయనా, చేప పాపపుణ్యాలు నువ్వు చూసుకో" అన్నారు. ఆరునెలల్లో రెండువందల పైచిలుకు చేశారు. అవి నా పెట్టెలో ఉన్నాయి. ఇప్పటికీ అందులోంచే తీస్తున్నాను.

మా దేశం రావాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. ఆవకాయ గురించి మీకు చెప్పక్కర్లేదు, ఈకలూ బొచ్చూ కూడా అంతే. విమానాశ్రయంలో ఈగల పెట్టె, వాడిన గాలం, బూట్లు అన్నీ డిక్లేర్ చెయ్యాలి. దాచి దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు. చూపిస్తే చాలావరకు చూసి తిరిగి ఇచ్చేస్తారు. 2004లో దక్షిణ దీవిలో డిడిమో అనే నాచు బయటపడింది, రాళ్ళని తడిసిన దూదిలా కప్పేస్తుంది. ఒక చుక్క నీటితో ఒక ఏటి నుంచి ఇంకో ఏటికి పోతుంది. అందుకే అడుగున ఫెల్ట్ ఉన్న బూట్లు 2008 నుంచి నిషేధం. బొచ్చు ఈగ కూడా నీళ్ళు పట్టుకునేదే కనక, పూర్తిగా ఆరిందని చేతికి తెలిశాక ఇంకో 48 గంటలు ఆగి అప్పుడు రెండో ఏట్లో వెయ్యాలి. టౌపోకి లైసెన్సు వేరు, మిగతా దేశానికి వేరు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

నాకిచ్చిన సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం వైపు చూస్తున్నారు. భోజనాల హాలు పక్కన టేబుల్ మీద నాలుగు వైస్‌లు బిగించి ఉంచాను. సరిహద్దు చిక్కులు లేకుండా కుందేలు బొచ్చు నిన్న ఈ ఊళ్ళోనే కొన్నాను, ఉన్ని కూడా ఉంది. వత్తులు చేసే అలవాటున్న పెద్దవాళ్ళు తప్పకుండా రావాలి, కుర్రవాళ్ళకి మీరే చూపించాలి. ఒకటే మనవి. పులిహోర తిన్నాక చేతులు సబ్బుతో కడుక్కుని రండి. నూనె చేతికి బొచ్చు మెలిపడదు.